మనవల కోసం ఎదురుచూపు: అడగనా, ఊరుకోనా?

ప్రశ్న:
మా అబ్బాయికి పెళ్లయి 6 ఏళ్లు. చెల్లెలికి ముగ్గురు మనవలు. మొన్న మరిది కూతురికి కవలలు పుట్టారు. ఫోనులో ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఆ చిన్న పిడికిళ్లనే ఎంతసేపు చూశానో! సంతోషమే, అయినా గొంతుకు ఏదో అడ్డుపడింది. కోడలిని ఇంతవరకు ఒక్క మాట అడగలేదు. అడిగితే తప్పా?

జవాబు 1:
అడగకండమ్మా. మా అత్తగారు ప్రేమగానే అడిగేవారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. అప్పటికే రెండుసార్లు గర్భం నిలవలేదని ఆవిడకు తెలియదు.

జవాబు 2:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుంది. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, ఆమెకు 35 దాటితే 6 నెలలకే, దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. అసలు వాళ్లే పిల్లలు వద్దనుకున్నారేమో! ఏదైనా వాళ్ల నోటి నుంచి రావలసిందే.

ప్రశ్న అడిగినవారు:
వద్దనుకున్నారేమోనన్న ఆలోచనే నాకు రాలేదు. నిన్న కోడలు ఫోను చేస్తే తన ఉద్యోగం గురించే అడిగాను. గంటసేపు మాట్లాడింది, ఎన్నాళ్లకో! కవలల ఫొటోలు మాత్రం తనకు పంపలేదు.