ట్రయంఫ్ టీఆర్6 డ్యాష్‌బోర్డు: పెట్రోల్, టెంపరేచర్ ముళ్ళు రెండూ ఎక్కువ చూపిస్తున్నాయి

ప్రశ్న (కోవెంట్రీ నుంచి)

అందరికీ నమస్కారం. పోయినేడాది 1971 మోడల్ ట్రయంఫ్ టీఆర్6 స్పోర్ట్స్ కారు కొన్నాను. మా ఇంటికి దగ్గర్లోనే, కాన్లీ ఫ్యాక్టరీలో తయారైన బండి. డ్యాష్‌బోర్డు వాల్‌నట్ చెక్క మీద వార్నిష్ పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చలికాలంలో గేజ్‌లన్నీ విప్పి, చెక్క బయటికి తీసి, పాత వార్నిష్ గీకేశాను. పాలిష్ చేసే ముందు అన్నీ పని చేస్తున్నాయో లేదో చూద్దామని మొన్న ఆదివారం మళ్ళీ బిగించాను.

ట్యాంకులో సగమే పెట్రోల్ ఉంది, గేజ్ ఫుల్ చూపిస్తోంది. ఇంజన్ కాసేపు నడిచేసరికి టెంపరేచర్ ముల్లు వేడి వైపు చివరికి పోయింది. టెన్షన్‌తో వెంటనే ఆపేసి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే థర్మోస్టాట్ దగ్గర 82 డిగ్రీలే. విప్పకముందు రెండూ సరిగ్గానే ఉండేవి. గేజ్‌లు పాడయ్యాయా? రిపేర్‌కి పంపాలా? స్పీడోమీటర్ ముల్లు కూడా వణుకుతోంది.

ఇంకొకటి. రాజమండ్రిలో నాన్నగారు టేకు తలుపులకు వేసినట్టు లక్క పాలిష్ వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా?

జవాబు (లెస్టర్ నుంచి)

తమ్ముడూ, గేజ్‌లు ఎక్కడికీ పంపకు. రెండూ ఒకేసారి, ఒకే వైపు తప్పు చూపిస్తున్నాయంటే లోపం వాటిలో లేదు, రెండింటికీ కరెంటు ఇచ్చే చోట ఉంది. డ్యాష్ వెనుక అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు డబ్బీ ఒకటి ఉంటుంది, వోల్టేజ్ స్టెబిలైజర్. బ్యాటరీ కరెంటును సగటున 10 వోల్టులకు తగ్గించి ఈ రెండు గేజ్‌లకు పంపడమే దాని పని. లోపల రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటుంది. దాని చుట్టూ చుట్టిన తీగ వేడెక్కితే పట్టీ వంగి కాంటాక్ట్ విడిపోతుంది, చల్లారితే మళ్ళీ అంటుకుంటుంది. ఆ తీగకు కరెంటు పారాలంటే డబ్బీకి ఎర్త్, అంటే బండి బాడీతో కనెక్షన్, ఉండాలి. ఎర్త్ లేకపోతే పట్టీ వేడెక్కదు, కాంటాక్ట్ విడిపోదు, ఫుల్ వోల్టేజ్ నేరుగా గేజ్‌లకు పోతుంది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు అది దాదాపు 14 వోల్టులు. ఈ గేజ్‌లు కూడా వేడితోనే ముల్లును కదుపుతాయి, వేడి వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. 10 కి 100 అయితే 14 కి 196. అంటే దాదాపు రెట్టింపు. నీ సగం ట్యాంకు ఫుల్‌గా కనిపించింది అందుకే.

రేకు డ్యాష్ ఉన్న కార్లలో గేజ్ ఒంటి నుంచే కొంత ఎర్త్ దొరుకుతుంది. నీది చెక్క. చెక్కలో కరెంటు పారదు కాబట్టి గేజ్‌ల వెనుక ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయే నల్ల వైర్లే ఆధారం. ఆ బండ్ల వైరింగ్‌లో నలుపు అంటే ఎర్త్, ఆకుపచ్చ అంటే ఫ్యూజ్ దాటి వచ్చే ఇగ్నిషన్ కరెంటు, లేత ఆకుపచ్చ అంటే స్టెబిలైజర్ నుంచి గేజ్‌లకు పోయేది. ఒక నల్ల వైరు చివర గుండ్రటి కన్ను ఎక్కడో వేలాడుతూ ఉంటుంది, వెతుకు. దొరికితే కంటినీ, అది కూర్చునే చోటునీ మెరిసేదాకా రుద్ది బిగించు.

తరువాత స్టెబిలైజర్ బయటికి పంపే వైరుకు చిన్న టెస్ట్ ల్యాంప్ పెట్టు. మిణుకు మిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే అది బాగానే ఉన్నట్టు. డిజిటల్ మీటర్ పెడితే అంకెలు అటూ ఇటూ గెంతుతాయి, కంగారు పడకు. ల్యాంప్ ఆరకుండా వెలుగుతూనే ఉంటే కొత్తది కొను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ రకం దొరుకుతోంది, నా బండిలో అదే వేశాను. ఒక్క హెచ్చరిక: పరీక్ష పేరుతో గేజ్‌కి నేరుగా 12 వోల్టులు ఇవ్వకు. అలా చేసి నేనొక మంచి పెట్రోల్ గేజ్ కాల్చుకున్నాను, ఇప్పటికీ బాధే.

డ్యాష్ వెనుక చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు బ్యాటరీ నెగటివ్ తియ్యి. నీ మోడల్‌లో బ్యాటరీ కరెంటు చూపే ఆమ్మీటర్ ఉంది. దాని వెనుక లావుపాటి గోధుమరంగు వైర్లకు ఫ్యూజ్ లేదు, స్పానర్ తగిలితే మంటే.

స్పీడోమీటర్‌ది కేబుల్ సమస్య అయ్యుంటుంది. లోపలి తీగ బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి, పలచగా గ్రీజు రాయి. గేజ్ వైపు చివర ఒక జానెడు మాత్రం పొడిగా వదిలెయ్యి. అక్కడ రాస్తే తిరిగే తీగ గ్రీజును మీటర్ లోపలికి ఎక్కిస్తుంది, అప్పుడు ముల్లు తప్పు చూపించడం మొదలవుతుంది. ఈ బండిలో ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ కూడా డిస్ట్రిబ్యూటర్ నుంచి కేబుల్‌తోనే నడుస్తుంది, దానికీ ఇదే పద్ధతి. బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా మడత పడకుండా గుండ్రంగా తిప్పు.

లక్క పాలిష్ గురించి. నాన్నగారి మాట ఇంటి తలుపుకి నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇది టాప్ లేని కారు. ఎండకు లక్క మెత్తబడుతుంది, తడి తగిలితే తెల్లగా మచ్చ కడుతుంది. ఎండను తట్టుకునే పాలీయురిథేన్ వార్నిష్ వెయ్యి, అదీ మెరుపు తక్కువ రకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ డ్యాష్‌లు అద్దంలా మెరిసేవి కావు.

గేజ్ రింగుల కింద దాగిన చెక్క ముదురుగా, చుట్టూ ఎండ తగిలినది తేనెరంగులో వెలిసి కనిపిస్తోందా? ఆ తేడా పోగొట్టాలని గట్టిగా రుద్దకు. పైన ఉన్న వాల్‌నట్ పొర కాగితం అంత పలచన, అరిగితే ప్లైవుడ్ బయటపడుతుంది. రింగులు పెట్టాక ఆ ముదురు వలయాలు ఎలాగూ కనిపించవు. ఆ పొర లేచిన చోట సిరంజితో వుడ్ గ్లూ ఎక్కించి, పైన మైనపు కాగితం, దాని మీద చెక్క ముక్క పెట్టి రాత్రంతా క్లాంప్ చెయ్యి.

ఇంకో ప్రశ్న (స్విండన్ నుంచి)

అన్నా, గేజ్ అద్దం లోపల మసకగా ఉంటే తియ్యొచ్చా? బల్బుల బదులు ఎల్‌ఈడీలు వేస్తే?

జవాబు (లెస్టర్ నుంచి)

తియ్యొచ్చు. రింగు లోపల చిన్న చెవులు ఉంటాయి. రింగు తిప్పుతూ పోతే అవి డబ్బా అంచులోని గాడుల దగ్గరికి వచ్చి ఊడిపోతుంది. పాత రబ్బరు అతుక్కుపోయి ఉంటే బలవంతం చెయ్యకు, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మెల్లగా తిప్పు. అద్దం సబ్బునీళ్ళతో కడుగు. డయల్ మీద మాత్రం నీళ్ళు, స్పిరిట్ ఏవీ వద్దు, తెల్ల అంకెలు లేచిపోతాయి. రంగులు వేసే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

ఎల్‌ఈడీలు నాకు నచ్చలేదు. డ్యాష్ వెలుతురు తగ్గించే నాబ్‌తో అవి సరిగ్గా తగ్గవు. అసలు బల్బు 2.2 వాట్లే. డబ్బా లోపలి తెల్లరంగు పచ్చబడి ఉంటే ఒక కోటు వేసుకో, వెలుతురు పెరుగుతుంది.

తిరిగి అడిగినవారు (కోవెంట్రీ నుంచి)

అన్నా, దొరికింది! టాకోమీటర్ వెనుక నల్ల వైరు కన్ను నట్టు కింద పెట్టకుండా వదిలేశాను. రుద్ది బిగించాక పెట్రోల్ ముల్లు మెల్లగా లేచి సగం దగ్గర ఆగింది. పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపినా టెంపరేచర్ నడుమనే నిలబడింది. చాలా థాంక్స్. నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను, వార్నిష్‌కి ఒప్పుకున్నారు.

ఆయిల్ ప్రెషర్ గేజ్ వెనుక సన్న పైపు చుట్టూ కొంచెం తడి కనిపిస్తోంది, పరవాలేదా?

జవాబు (లెస్టర్ నుంచి)

పరవాలేదు అనుకోకు. అది కరెంటు గేజ్ కాదు, ఇంజన్ ఆయిల్ నేరుగా ఆ పైపులో అక్కడిదాకా వస్తుంది. పైపు గేజ్‌కి కలిసే చోట చిన్న తోలు వాషర్ ఉంటుంది, విప్పినప్పుడు ఎండి చిట్లి ఉంటుంది. కొత్తది తెప్పించి, నూనెలో ఒక పూట నానబెట్టి వెయ్యి. అది మార్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. ఊడిందంటే కాగే నూనె నీ మోకాళ్ళ మీదా, ఇప్పుడు సరిచేసిన వైరింగ్ మీదా పడుతుంది.