శ్రీకాకుళం నుంచి గుల్మార్గ్‌కి చార్టర్ జెట్: గంట రేటు పోగా ఇంకేం పడుతుంది?

నాగావళి_ట్రిప్స్ (ప్రశ్న)

శ్రీకాకుళంలో ఒక పార్టీ కోసం అడుగుతున్నాను. పెద్దలు ఆరుగురు, పిల్లలు ఇద్దరు. కనుమ వెళ్ళిన మర్నాడు బయల్దేరి, కశ్మీర్‌లో మంచు ఆటలకి పేరున్న గుల్మార్గ్‌లో నాలుగు రాత్రులుండి, ఐదో రోజు తిరిగి రావాలి. ఢిల్లీలో విమానం మారడం వాళ్ళకి ఇష్టం లేదు. విశాఖలో ఎక్కితే శ్రీనగర్‌లోనే దిగాలి. పిల్లలిద్దరివీ అమెరికా పాస్‌పోర్టులు.

ఒక బ్రోకర్ చిన్న జెట్‌కి గంటకి 2.25 లక్షలన్నాడు. రానూ పోనూ ఆరు గంటలు, అంటే పదమూడున్నర లక్షలు. పార్టీకి ఈ లెక్క చెప్పేయొచ్చా? ఇంకా ఏటేటి కలుస్తాయి? గుల్మార్గ్ బదులు మనాలి అయితే తగ్గుతుందా?

గంటస్తంభం

ఆ లెక్క చెప్పకండి. తర్వాత అసలు బిల్లు చూసి పార్టీ మిమ్మల్నే నిలదీస్తుంది.

ట్రావెల్స్ కారు ఎలా మాట్లాడతామో విమానమూ అంతే. కారు షెడ్డు దగ్గర నుంచి మీటరు మొదలై మళ్ళీ షెడ్డుకి చేరేదాకా తిరుగుతుంది. రోజుకి మినిమం కిలోమీటర్లు ఉంటాయి, డ్రైవర్ బత్తా ఉంటుంది. విమానానికి షెడ్డు అంటే దాని బేస్. విశాఖలో చార్టర్ జెట్ బేస్ దొరకడం కష్టం. ఢిల్లీ, ముంబై, హైదరాబాద్, బెంగళూరు నుంచి ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీ ప్రయాణాన్ని ఫెర్రీ అంటారు. దానికీ గంట రేటు పూర్తిగా పడుతుంది.

విశాఖ నుంచి శ్రీనగర్ సూటిగా దాదాపు 2,000 కి.మీ. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుంది. కాబట్టి చిన్న జెట్‌కి వెళ్ళేటప్పుడు 3 గంటల 10 నిమిషాలు, వచ్చేటప్పుడు 2 గంటల 50 నిమిషాలు వేసుకోండి. నేల మీద నడిచే సమయం కూడా ఇందులోనే ఉంది, ఎందుకంటే చక్రాల అడ్డు తీసినప్పటి నుంచి మళ్ళీ పెట్టేదాకా బిల్లు కడతారు.

ఢిల్లీ విమానం అనుకుందాం. ఢిల్లీ నుంచి విశాఖకి ఖాళీగా 2:00, మీ వాళ్ళతో శ్రీనగర్‌కి 3:10, దింపేసి ఖాళీగా ఢిల్లీకి 1:15. ఒక వైపు 6:25 అయింది. ఐదో రోజు మళ్ళీ ఖాళీగా శ్రీనగర్‌కి 1:15, విశాఖకి 2:50, ఎదురుగాలిలో ఢిల్లీకి 2:20. ఇదీ 6:25. మొత్తం 12 గంటల 50 నిమిషాలు. మీరు అనుకున్న ఆరు గంటలకి రెట్టింపు దాటింది.

"దింపి వెళ్ళిపోవడం ఎందుకు, అక్కడే ఆగమందాం" అని పార్టీ తప్పకుండా అంటుంది. ఆగితే ఎగరని రోజుకి కూడా మినిమం 2 గంటలు కట్టాలి, చాలామంది ఆపరేటర్లది ఇదే పద్ధతి. మీకు మధ్యలో మూడు ఖాళీ రోజులు, అంటే 6 గంటలు. ఎగిరేది 10:20, కలిపితే 16:20. ఆపితేనే ఎక్కువ. ఢిల్లీ విమానానికి మధ్యలో ఒక్క ఖాళీ రోజుంటే ఆపడం కొంచెం లాభం, రెండు గానీ ఆపైన గానీ ఉంటే పంపేయడమే లాభం.

హైదరాబాద్ బేస్ విమానం మనకి దగ్గర కదా, చవక అనిపిస్తుంది. చూడండి. విశాఖకి గంటలో వస్తుంది గానీ, శ్రీనగర్‌లో దింపాక ఖాళీగా ఇంటికి పోవడానికి 2:45, మళ్ళీ రావడానికి 3:00. మొత్తం 13:45. అదే అక్కడే ఆపితే ఎగిరేది 8:00, ఖాళీ రోజులకి 6:00, కలిపి 14:00. మీ నాలుగు రాత్రుల ట్రిప్పుకి ఢిల్లీ విమానమే తక్కువ. ఒక్క రాత్రి ఉండి వచ్చేవాళ్ళకైతే హైదరాబాద్ విమానం 8 గంటల్లో తేలిపోతుంది. బేస్ మన దగ్గరుంటే ఆపుకోవాలి, వెళ్ళే చోటికి దగ్గరుంటే పంపేయాలి. కొటేషన్ అడిగినప్పుడు మొదటి ప్రశ్న "విమానం ఎక్కడుంటుంది" అన్నదే.

ఇప్పుడు డబ్బులు. 12:50 ని 2.25 లక్షలతో గుణిస్తే 28.9 లక్షలు. ల్యాండింగ్, పార్కింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, సిబ్బంది బస, భోజనాలు కలిపి ఓ 3 లక్షలు వేయండి. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం కట్టాల్సింది సుమారు 37.6 లక్షలు. పదమూడున్నర ఎక్కడ, ముప్పై ఏడున్నర ఎక్కడ!

ఇంకో చిక్కు, చిన్న జెట్‌లో సీట్లు ఆరో ఏడో. మీరు ఎనిమిది మంది. హాకర్ 800 లాంటి మధ్య సైజు జెట్ కావాలి, దాని రేటు గంటకి మూడు, మూడున్నర లక్షల మధ్య అడుగుతారు. కాస్త వేగం ఎక్కువ కాబట్టి 12 గంటలు, 3.25 చొప్పున 39 లక్షలు, పై ఖర్చులు 3.5, పన్నుతో 50 లక్షలు దాటుతుంది. ఎనిమిదితో భాగిస్తే తలకి 6.27 లక్షలు. చిన్న జెట్‌లో ఆరుగురు వెళ్ళినా తలకి అంతే పడుతుంది. కాబట్టి ఇద్దరిని తగ్గించి మిగిల్చేదేం లేదు.

కళింగపట్నం_లైట్‌హౌస్

మనాలి సంగతి రెండు ముక్కల్లో. కులు దగ్గరి భుంతర్ రన్‌వే 1,130 మీటర్లలోపే, చుట్టూ లోయ. ఈ సైజు జెట్‌లు అక్కడ దిగవు. చండీగఢ్‌లో దిగి ఏడెనిమిది గంటలు కారులో పోవాలి, అప్పుడు జెట్ ఎందుకు? మంచు ఆటలకి ఉత్తరాఖండ్‌లోని ఔలికైతే డెహ్రాడూన్‌లో దిగాలి, అక్కడి నుంచి జోషిమఠ్‌కి ఘాట్ రోడ్డు మీద పగలంతా పడుతుంది. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలికి పోయే రోప్‌వే కూడా ఆపేశారు. శ్రీనగర్ రన్‌వే 3,600 మీటర్ల పైన. సముద్ర మట్టానికి 1,650 మీటర్ల ఎత్తులో ఉన్నా అంత పొడవుంది కాబట్టి జెట్‌లకి ఇబ్బంది లేదు. జెట్‌లో పోయి మంచు మీద జారాలంటే మన దేశంలో గుల్మార్గే.

టర్బోప్రాప్ (పంకాలు తిరిగే విమానం) చవక కదా అని కింగ్ ఎయిర్ బి200 చూపిస్తారు. గంట రేటు తక్కువే, కానీ నాలుగు గంటల పైన పడుతుంది. మనుషులూ సామానూ నిండితే శ్రీనగర్ దాకా ఏకబిగిన పోలేదు, నాగ్‌పూర్‌లోనో ఢిల్లీలోనో ఇంధనానికి దిగాలి. అక్కడ ఇంకో ల్యాండింగ్ ఛార్జీ, ఇంకో గంట. ఎనిమిది మందికి అదీ ఇరుకే.

నాగావళి_ట్రిప్స్

బాబోయ్, అర కోటి! సరే, పార్టీ తట్టుకోగలదు. మంచు పడి విమానం దిగకపోతే ఆ ఖర్చు ఎవరిది?

వంశధార_గట్టు

మీదే. అందుకే ఇది ముందే కాగితం మీద రాయించుకోవాలి.

మీరు పోయేది చిల్లై కలాన్‌లో. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని కశ్మీర్‌లో ఆ పేరుతో పిలుస్తారు. గుల్మార్గ్‌లో మంచు బాగుండేది అప్పుడే, శ్రీనగర్‌లో విమానాలు ఆగిపోయేదీ అప్పుడే. మంచు పడితే రన్‌వే ఊడ్చాలి, ఊడ్చినా ఎదర కనపడాలి.

అసలు గొడవ శ్రీనగర్‌లో కన్నా కింద మైదానంలో ఉంటుంది. విమానం బయల్దేరేటప్పుడు, గమ్యంలో దిగలేకపోతే ఎక్కడికి పోవాలో ఇంకో విమానాశ్రయం చూపించి దానికి సరిపడా ఇంధనం వేసుకోవాలి. జమ్మూ, అమృత్‌సర్, చండీగఢ్, ఢిల్లీ అన్నీ జనవరి పొద్దున్న పొగమంచులో ఉంటాయి. శ్రీనగర్‌లో ఎండ కాస్తున్నా, ప్రత్యామ్నాయం మూసుకుపోతే విశాఖలో కదలరు. దూరంగా ఉన్నదాన్ని చూపిస్తే ఇంధనం బరువు పెరుగుతుంది, అప్పుడు సామాను తగ్గించమంటారు.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఢిల్లీలో పెద్ద విమానాలు 50 మీటర్లు కనబడితే చాలు, క్యాట్ 3 పద్ధతిలో దిగిపోతాయి. చిన్న జెట్‌లూ వాటి పైలట్లూ ఎక్కువగా క్యాట్ 1 వరకే, 550 మీటర్లు కనబడాలి. అంటే అర కోటి పెట్టిన విమానం ఆగిపోయి, ఆరు వేల టికెట్ విమానం పక్క నుంచి దిగిపోవడం జనవరిలో మామూలే.

కాబట్టి ఇలా చేయండి. విమానాన్ని ముందురోజు సాయంత్రమే విశాఖకి రప్పించండి. అదే పొద్దున్న ఢిల్లీ నుంచి రమ్మంటే పొగమంచులో అక్కడే ఇరుక్కుంటుంది. రాత్రి బస ఖర్చు కొంచెం పడుతుంది, పడనివ్వండి. విశాఖలో 9 కి లేస్తే మధ్యాహ్నం 12 దాటాక శ్రీనగర్ చేరతారు, అప్పటికి కింద పొగమంచు విడిపోతుంది. తిరుగు ప్రయాణం కూడా మధ్యాహ్నమే పెట్టుకోండి. ఆ రోజు ఆలస్యమైతే పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి, ఇక మర్నాడే. అందుకే చివర ఒక రోజు చేతిలో ఉంచుకోండి. అమెరికా టికెట్ దాని వెంటనే పెట్టకండి.

శ్రీనగర్ పూర్తిగా మూసేస్తే రైలుంది. 2025 జూన్ నుంచి శ్రీనగర్–కాట్రా వందే భారత్ నడుస్తోంది, మూడు గంటల ప్రయాణం. కాట్రా జమ్మూకి దగ్గర కాబట్టి జెట్‌ని శ్రీనగర్ బదులు జమ్మూకి రమ్మనొచ్చు. ఒప్పందంలో "పికప్ జమ్మూకి మార్చుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం పెట్టించండి. హైవే మాత్రం నమ్ముకోవద్దు, కొండచరియలు పడితే ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం.

గంటస్తంభం

పై దానికి తోడు, రద్దు షరతులు చదవండి. డబ్బంతా ముందే కట్టించుకుంటారు. ఆఖరి 24 గంటల్లో మీరు మానుకుంటే తిరిగి పైసా రాకపోవడం మామూలు. వాతావరణం వల్ల *వాళ్ళు* ఎగరకపోతే? వేరే విమానాశ్రయంలో దిగితే ఆ అదనపు గంటలు? ఈ రెండింటికీ జవాబు లేని కొటేషన్ మీద సంతకం పెట్టించకండి. "ఫిక్స్‌డ్" రేటా, ఎగిరిన గంటల లెక్కా అన్నది కూడా అడగండి. ఎదురుగాలికి పదిహేను నిమిషాలు పెరిగితే ఎనభై వేలు.

నాగావళి_ట్రిప్స్

ధన్యవాదాలండీ. పిల్లల పాస్‌పోర్టుల సంగతీ, జీఎస్టీ సంగతీ ఎవరైనా చెప్పగలరా? పార్టీ వ్యాపారం పేర బిల్లు వేయించి ఆ పన్ను వెనక్కి తీసుకుంటానంటోంది.

కోటబొమ్మాళి_సంత

పన్ను వెనక్కి రాదు. కుటుంబం సరదాకి వాడింది సొంత వాడకమే, జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం దానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. బిల్లు ఎవరి పేర వేసినా మారదు.

పాస్‌పోర్టుల విషయం తేలిగ్గా తీసుకోకండి. విశాఖ నేవీది, శ్రీనగర్ వాయుసేనది. రెండు చోట్లా చార్టర్‌కి ముందస్తు అనుమతి కావాలి, స్లాటు వాళ్ళిచ్చిన టైముకే. ప్రయాణికుల పేర్లు, గుర్తింపు కార్డులు ముందే పోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళుంటే పరిశీలన ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. సంక్రాంతి సెలవుల్లో ఆఫీసులు కదలవు కాబట్టి పండక్కి రెండు వారాల ముందే పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే కార్డు) కాపీలు ఆపరేటర్‌కి పంపేయండి. ఆఖరి నిమిషంలో "బావమరిది కూడా వస్తాడు" అంటే కుదరదు. భోగాపురం నుంచి చార్టర్లు తీసుకుంటుంటే అదీ అడగండి. అది పౌర విమానాశ్రయం కాబట్టి మన వైపు నేవీ స్లాట్ల బాధ తప్పుతుంది, శ్రీకాకుళం నుంచి దారి కూడా సగమే.

విమానం కాగితాలు: వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ముందే తీసుకుని, అది డీజీసీఏ (పౌర విమానాల నియంత్రణ సంస్థ) ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్‌లో ఉందో లేదో చూడండి. పర్మిట్ కాపీ, ఇన్సూరెన్సు కాపీ అడిగితే అసలు ఆపరేటర్ ఇస్తాడు. రేటు మరీ తక్కువ చెబితే అది ఎవరిదో సొంత విమానం అయి ఉంటుంది. దాన్ని అద్దెకి తిప్పడం చట్ట విరుద్ధం, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. సొంత బండికి ట్యాక్సీ బేరం లాంటిదే.

సామాను: మంచు బట్టలు, స్కీలు అక్కడే అద్దెకి దొరుకుతాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు మోసుకుపోనక్కర్లేదు. అమెరికా వాళ్ళు సొంత స్కీలు తెస్తానంటే ఎంత పొడవో కనుక్కుని, ఆ పొడవు డిక్కీ తలుపులోంచి దూరుతుందా అని ఆపరేటర్‌ని అడగండి. హాకర్‌లో సామాను గది క్యాబిన్ ముందు భాగంలో ఉంటుంది, పొడుగు వస్తువులు అందులో కష్టం.

దిగాక గుల్మార్గ్ ఇంకా 50 కి.మీ. పైన. దారిలో వచ్చే తంగ్‌మార్గ్ దాటాక మంచు పడిన రోజున ఫోర్ వీల్ డ్రైవ్, చక్రాలకి గొలుసులు ఉన్న బండ్లనే పైకి పోనిస్తారు. హోటల్ వాళ్ళనే అలాంటి బండి తంగ్‌మార్గ్‌కి పంపమనండి. ప్రీపెయిడ్ సిమ్ బయటి రాష్ట్రాలది అక్కడ పనిచేయదు, కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లేకపోతే విమానం టైము మారిందని పైలట్ మీ వాళ్ళకి చెప్పడానికి కూడా వీలుండదు.

కళింగపట్నం_లైట్‌హౌస్

చివరగా ఒక లెక్క పార్టీ ముందు పెట్టి చూడండి. విశాఖ–ఢిల్లీ, ఢిల్లీ–శ్రీనగర్ మామూలు విమానాల్లో ఎనిమిది మందికీ రానూ పోనూ, పండగ రేట్లే వేసుకున్నా, ఈ అర కోటిలో చిన్న మూల. జెట్‌తో ఆదా అయ్యేది ఒక్కో వైపు మూడు, నాలుగు గంటలు, తప్పేది ఢిల్లీలో మారే బాధ. ఆ మామూలు విమానాలకి పొగమంచులో దిగే సౌకర్యం కూడా ఉంది. ఇవన్నీ విన్నాక కూడా జెట్టే కావాలంటే, మూడు చోట్ల కొటేషన్ తీసుకుని ఇక్కడ పెట్టండి. ఫెర్రీ గంటలు, పై ఖర్చులు, పన్ను విడివిడిగా రాసి ఉండాలి. "ఆల్ ఇన్‌క్లూజివ్" అని ఒక్క అంకె ఇస్తే వెనక్కి పంపండి.