ఇంగ్లీషు ఏ వయసులో మొదలుపెట్టాలి?

సాయంత్రం బడి:
పగలు మూడో తరగతి పిల్లలకు, రాత్రి ఉద్యోగాల వేటలో ఉన్న పాతికేళ్ల వాళ్లకు ఇంగ్లీషు చెబుతాను. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. కానీ నా క్లాసులో కొందరికి తెలుగులో గుణింతాలే రావు. వాళ్లకు ఆ ఎదుటి పేజీ ఏం సాయపడుతుంది? ముందు తెలుగు చదవడం వచ్చాకే ఇంగ్లీషు మీడియం పెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి:
నేను ఒప్పుకోనండి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంజనీరింగ్ మొదటి ఏడాది లెక్చరర్ ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా నోరు తెరవలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. డబ్బున్న వాళ్లు నర్సరీ నుంచే ఇంగ్లీషు చెప్పిస్తున్నారు. మా పిల్లలు మాత్రం ఎందుకు ఆగాలి? చిన్నప్పుడైతేనే నాలుక తిరుగుతుంది.

రిటైరైన పంతులు:
అమ్మా, మీ బాధ నిజం. నాలుక తిరగడం గురించి మీరన్నదీ నిజమే. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, పెన్ను అని చివర ‘ఉ’ చేర్చడం మనకు అలవాటు. పెద్దయ్యాక అది వదలడం కష్టం. కానీ ఉచ్చారణ ఒక్కటే భాష కాదు కదా. స్పెయిన్‌లో బార్సిలోనా బడి పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించారు. ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన వాళ్లకన్నా, పదకొండేళ్లకు మొదలుపెట్టి అన్నే గంటలు నేర్చుకున్న వాళ్లు చాలా పరీక్షల్లో ముందున్నారు. ఇంట్లో, వీధిలో ఇంగ్లీషు వినపడని చోట, రోజుకొక పీరియడుతో పసివాళ్ల చెవి ఎంతని పట్టుకుంటుంది?

సాయంత్రం బడి:
రాత్రి క్లాసులో నేను చూసేదీ ఇదేనండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుందని ఒక్కసారి బోర్డు మీద చూపిస్తే పెద్దవాళ్లు పట్టేస్తారు. మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. పిల్లలకు ఆ భయం లేదు, పాట నేర్పితే గొంతెత్తి పాడతారు. అయితే శుక్రవారం చెప్పింది సోమవారానికి సగం మర్చిపోతారు. అమ్మగారూ, ఇంగ్లీషు ఆపమని నేననను. ఒకటో తరగతి నుంచే ఆటగా, పాటగా చెబుదాం. లెక్కలు, సైన్సు మాత్రం అర్థమయ్యే భాషలో చెప్పాలంటున్నాను.

ఇద్దరు పిల్లల తల్లి:
అలాగైతే మరి ఏ తరగతిలో మారుస్తారు? ఆరులో ఒక్కసారిగా మారిస్తే నాకు జరిగిందే వాళ్లకూ జరుగుతుంది. దానికి జవాబు చెప్పండి.