డెస్క్‌టాప్ మీద మసకగా కనిపించే ఐఎన్‌ఐ ఫైళ్లు ఏమిటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా విండోస్ 10 కంప్యూటరులో దాచిన ఫైళ్లన్నీ కనిపించేలా అమరిక మార్చినప్పటి నుంచి డెస్క్‌టాప్ మీద ‘డెస్క్‌టాప్.ఐఎన్‌ఐ’ పేరుతో రెండు ఫైళ్లు మసకగా కనిపిస్తున్నాయి. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఎలా ఉంటాయి? ఇవి వైరస్ పనేనా? తొలగిస్తే నష్టమేమైనా ఉందా?

మొదటి సమాధానం:
వైరస్ కాదండీ. ఫోల్డరు ఏ ఐకానుతో, ఏ పేరుతో కనిపించాలో ఎక్స్‌ప్లోరరుకు (ఫోల్డర్లను తెరిచి చూపే విండోస్ ప్రోగ్రాముకు) చెప్పే మామూలు టెక్స్టు ఫైలు అది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదరపు బ్రాకెట్ల మధ్య ‘.షెల్‌క్లాస్‌ఇన్ఫో’ అనీ, దాని కింద ‘ఐకాన్‌రిసోర్స్’, ‘లోకలైజ్డ్‌రిసోర్స్‌నేమ్’ వంటి పంక్తులూ ఉంటాయి. ఇక రెండు ఎందుకంటే, మనకు కనిపించే డెస్క్‌టాప్‌లో మన ఖాతాకు చెందిన ఫోల్డరుతో పాటు, ఆ కంప్యూటరు వాడే అందరికీ ఉమ్మడిగా ‘పబ్లిక్’ కింద ఉండే మరో డెస్క్‌టాప్ ఫోల్డరు కూడా కలిసి కనిపిస్తుంది. దేని ఫైలు దానిదే. తొలగించినా మీ పత్రాలకు ఏమీ కాదు, ఫోల్డరుకు ఉన్న ప్రత్యేక రూపం మాత్రం పోతుంది. కాబట్టి తొలగించకుండా, ఫోల్డర్ ఆప్షన్స్‌లోని వ్యూ ట్యాబులో ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దగ్గర మళ్లీ టిక్కు పెట్టండి.

రెండవ సమాధానం:
పై సమాధానానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. ఈ ఫైలు ఉన్నంత మాత్రాన ఎక్స్‌ప్లోరరు దాన్ని చదవదు. ఫోల్డరుకు రీడ్ ఓన్లీ (చదవడానికి మాత్రమే) గానీ సిస్టమ్ గానీ గుర్తు (యాట్రిబ్యూట్) ఉండాలి. ఫోల్డరు మీద రీడ్ ఓన్లీ గుర్తు చూసి అందులో ఏమీ సేవ్ చేయలేమని చాలామంది కంగారు పడతారు గానీ, ఫోల్డరు విషయంలో ఆ గుర్తు లోపలి ఫైళ్లను మార్చకుండా ఆపదు. మరొకటి, ‘ఇన్ఫోటిప్’ అనే పంక్తిలో తెలుగులో వివరణ రాసుకుంటే మౌసు పెట్టినప్పుడు అది కనిపిస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా రావాలంటే ఫైలును యూటీఎఫ్-16 అనే యూనికోడ్ ఎన్‌కోడింగులో సేవ్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను ఐకాను మార్చిన ఫోల్డరును పెన్‌డ్రైవులో వేసి వేరే కంప్యూటరులో తెరిస్తే ఆ ఐకాను రావడం లేదు. దానికీ ఇదే కారణమా?

రెండవ సమాధానమిచ్చినవారు:
ఆ గుర్తు పోవడం ఒక కారణం కావచ్చు, ఐకాను చిరునామా మరో కారణం కావచ్చు. ‘ఐకాన్‌రిసోర్స్’ పంక్తిలో మీ సీ డ్రైవు చిరునామా ఉంటే, ఆ బొమ్మ రెండో కంప్యూటరులో ఉండదు కదా. ఐకాను ఫైలును ఆ ఫోల్డరులోనే ఉంచి, పంక్తిలో పూర్తి చిరునామాకు బదులు ఫైలు పేరు మాత్రమే రాయండి. కాపీ చేశాక ఫోల్డరుకు రీడ్ ఓన్లీ గుర్తు మిగిలి ఉందో లేదో కూడా చూసుకోండి.