లోతుగా తెగిన గాయం: కుట్లు ఆలస్యమైతే ఇంట్లోనే మూసేయొచ్చా?

లంక రేవు
వరద కాలంలో దవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు, దాటిందంటే చాలా లంకలకు దారులు మునిగిపోతాయి. పడవ దొరకడమే గగనం. అలాంటప్పుడు కొడవలో, కొబ్బరి దింపు కత్తో చేతిలో లోతుగా దిగితే కుట్లు వేసే చోటికి చేరడానికి పూట పడుతుంది. రక్తం ఆగాక ఫెవిక్విక్ లాంటి జిగురుతోనో, ప్లాస్టర్ పట్టీలతోనో అంచులు దగ్గరికి లాగి మూసేయడమే మేలని నా వాదన. తెరిచి వదిలేస్తే ఈగలు, బురద నీళ్లు, చీము. ఆ రకం జిగురు ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు కదా. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

డ్రెస్సింగ్ గది
లంక రేవు గారూ, రక్తం ఆపడం ఇంట్లో చేయాల్సిన పనే. గాయం మూయడం మాత్రం కాదు. ఆలస్యమవుతుంది కాబట్టి మూసేద్దాం అంటున్నారు గానీ, అసలు లెక్క దానికి ఎదురు: ఆలస్యమైన కొద్దీ మూయకూడదు. బురద పట్టి, గంటలు గడిచాక వచ్చిన గాయాన్ని సర్జన్ కూడా చాలాసార్లు ఆ రోజే కుట్టడు. కడిగి, చచ్చిన కండ తీసేసి, తడి గాజు గుడ్డ (కట్టుకు వాడే పలచటి జాలీ బట్ట) లోపల పరిచి, 3 నుంచి 5 రోజులు చూసి, శుభ్రంగా ఉంటే అప్పుడు కుడతాడు. ఆ కొన్ని రోజులూ గాయం తెరిచే ఉంటుంది. అలా ఉన్నందువల్ల చెడిపోదు. లోపల మట్టి పెట్టి పైన మూసేస్తేనే చెడిపోతుంది. ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే సూక్ష్మజీవులకు గాలి ఆడని చోటే కావాలి.

జిగురు సంగతి. ఇంట్లో వాడేది ఇథైల్ సైనోఎక్రిలేట్. ఆసుపత్రిలోది బ్యుటైల్ లేదా ఆక్టైల్ రకం. ఇంటి జిగురు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, పచ్చి కండకు తగిలితే మంట, వాపు తెస్తుంది. ఆసుపత్రి జిగురు కూడా గాయంలో పోయరు. కడిగి, అంచులు కలిపి పట్టుకుని, చర్మం పైన మాత్రమే పూస్తారు. అది కూడా చిన్న, శుభ్రమైన గాయానికే. వేళ్ల కీళ్ల మీద, అరచేతిలో అది నిలవదు.

ఇక ఇంట్లో చేయాల్సింది. ఉతికి ఆరేసిన నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి, అరచేతి మొదలుతో గట్టిగా అదమాలి. గడియారం చూసి పది నిమిషాలు. రక్తం ఆగకపోవడానికి మామూలు కారణం గాయం పెద్దదవడం కాదు, నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూడటం. ఎత్తిన ప్రతిసారీ కట్టిన గడ్డ ఊడి మళ్లీ మొదటికి వస్తుంది. గుడ్డ తడిస్తే తీయకుండా పైన ఇంకో మడత వేయండి. అదీ తడిసిందంటే మీ చెయ్యి సరైన చోట లేదు. అప్పుడు మాత్రం మొత్తం తీసి, రక్తం ఏ మూల నుంచి ఉబుకుతోందో చూసి, సరిగ్గా అక్కడే రెండు వేళ్లతో నొక్కాలి.

కొబ్బరితోట
పసుపు మాటే ఎత్తలేదేం? తోటల్లో పనిచేసేవాళ్లు గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండుతారు, రక్తం కట్టుకుంటుంది. తరతరాలుగా పనిచేస్తున్నదాన్ని తోసిపారేయడం సరికాదు.

డ్రెస్సింగ్ గది
పైపై గీతకు ఆ పసరు పిండుకుంటే నేను వాదించను. అలాంటి గీతలో రక్తం ఎలాగూ ఆగుతుంది. లోతు గాయం వేరు. డబ్బాలో పసుపు శుభ్రమైన మందు కాదు, పైగా కండలో ముద్ద కట్టి నరం తెగిందో లేదో కనబడనివ్వదు. కుట్టే ముందు ఆ ముద్దంతా గీకి తీయాలి. మళ్లీ రక్తం, మళ్లీ నొప్పి. కాఫీ పొడి, బూడిద కూడా అంతే. సున్నం మరీ ప్రమాదం. తడి సున్నం గాఢమైన క్షారం, కండను కాల్చేస్తుంది. పేడ సంగతి చెప్పక్కర్లేదు, ధనుర్వాతం విత్తులు అందులోనూ ఉంటాయి.

కట్టు మాస్టారు
ప్రథమ చికిత్స నేర్పేవాడిగా ఒకటి కలుపుతాను. రక్తం ఎగజిమ్ముతూ పది నిమిషాల అదుముడుకు లొంగకపోతే చేతికి, కాలికి బిగింపు కట్టు వేయక తప్పదు. మన వైపు పాము కాటుకు తాడు కట్టే అలవాటు ఉంది కాబట్టి చేతికందిన కొబ్బరి తాడో, నైలాన్ తాడో, బైండింగ్ వైరో బిగించేస్తారు. రెండు నష్టాలు. సన్న తాడు కింద నరాలు నలిగిపోతాయి. సగం బిగిస్తే పైపై సిరలు మూసుకుంటాయి గానీ లోపలి ధమని తెరిచే ఉంటుంది. వెళ్లే రక్తం వెళ్తూనే ఉంటుంది, తిరిగొచ్చే దారి ఉండదు, గాయంలోంచి కారడం ఇంకా పెరుగుతుంది.

రెండంగుళాల వెడల్పుకి మడిచిన కండువా కావాలి. గాయానికి రెండు మూడంగుళాల పైన, మోచేయి మోకాలు కీళ్ల మీద కాకుండా చుట్టి ఒక ముడి వేయాలి. ముడి మీద జానెడు గట్టి కర్ర పెట్టి ఇంకో ముడి వేసి, రక్తం ఆగేవరకు కర్ర తిప్పాలి. కర్ర తిరిగిపోకుండా దాని చివర కట్టేయాలి. కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాయాలి. నొప్పికి మనిషి అరుస్తాడు, అందుకని వదులు చేయకూడదు. పావుగంటకోసారి విప్పమని పాత పద్ధతిలో చెప్పేవారు, దానివల్ల రక్తం పోవడమే గానీ లాభం లేదు. గజ్జలో, చంకలో కట్టుకు చోటుండదు. అక్కడ బస్తా చిల్లికి గుడ్డ కుక్కినట్టు శుభ్రమైన గుడ్డను గాయం అడుగుదాకా దూర్చి, పైన బరువేసి అదమాలి.

లంక రేవు
మాస్టారూ, బిగింపు కట్టుకు రెండు గంటలే గడువంటారు. పడవకే మూడు గంటలైతే?

కట్టు మాస్టారు
అందుకే మామూలు తెగుడుకి వేయొద్దనేది. రెండు గంటలు దాటితే కండరం చావడం మొదలవుతుంది, కానీ రక్తం పోయి మనిషి చావడం అంతకంటే ముందే జరుగుతుంది. కట్టేసిన వెంటనే 108కి చెప్పి, టైము చెప్పి, వదులు చేయాలా వద్దా అన్నది వాళ్లు చెప్పినట్టు చేయండి. సొంతంగా విప్పకండి.

చెరువు గట్టు
రొయ్యల చెరువుల దగ్గర తెగిన గాయాల గురించి విడిగా చెప్పాలి. ఏరియేటర్ (నీటికి గాలి ఎక్కించే యంత్రం) రెక్క తగిలినా, రొయ్య కొమ్ము గుచ్చుకున్నా ఉప్పునీటిలో విబ్రియో జాతి బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇది గంటల్లో పాకుతుంది. మర్నాటికే గాయం పరిమాణానికి మించిన నొప్పి, వాపు, నల్లబారిన బొబ్బలు కనబడితే ఇక ఇంట్లో ఉండే పని లేదు. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రిలో 'కత్తి తెగింది' అని ఆపకుండా, 'ఉప్పునీటి చెరువులో తెగింది' అని చెప్పండి. దాన్నిబట్టి మందు మారుతుంది, డాక్సీసైక్లిన్ కలిపి ఇస్తారు. ఇలాంటి గాయాన్ని జిగురుతో మూయడమంటే నా దృష్టిలో నేరం.

మందుల షాపు
టీటీ, అంటే ధనుర్వాతం టీకా గురించి. ప్రతి గీతకూ వేయించుకునేవాళ్లున్నారు, ఒక్కసారీ వేయించుకోనివాళ్లూ ఉన్నారు. చిన్నప్పటి నుంచి మూడు డోసులు పూర్తయినవాళ్లకు శుభ్రమైన గాయమైతే పదేళ్లకోసారి, మట్టి పట్టిన గాయమైతే చివరి డోసు ఐదేళ్లు దాటితేనే. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో టీటీ బదులు టీడీ (ధనుర్వాతానికి, డిఫ్తీరియాకు కలిపి ఉన్న టీకా) ఇస్తున్నారు. డోసులు గుర్తులేనివాళ్లకు మట్టి గాయమైతే 250 యూనిట్ల ఇమ్యునోగ్లోబులిన్ (ధనుర్వాతాన్ని వెంటనే అడ్డుకునే తయారు ప్రతిరక్షకాలు) కూడా, వేరే చోట పొడవాలి. ఎందుకంటే టీకా బలం రావడానికి రోజులు పడుతుంది. పడవ మర్నాడే దొరికినా వెళ్లి వేయించుకోండి, ఆలస్యమైందని మానేయకండి.

ఎకోస్ప్రిన్, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు పది నిమిషాలు చాలదు, ఇరవై నిమిషాలు అదమండి.

లంక రేవు
జిగురు వాదన వదిలేస్తున్నాను, కానీ పట్టీల మాట వదలను. అరచెయ్యి తెగి కండ విచ్చుకుని ఉంటే, రోజంతా బయటపడే దారి లేకపోతే, పట్టీలు వేసి పైన కట్టు కట్టడంలో తప్పేమిటి?

డ్రెస్సింగ్ గది
తెగింది చర్మం మందమే అయితే, మట్టి పడకపోతే, అంచులు వేలితో లాగితే నిమ్మళంగా కలిస్తే పట్టీలు వేయండి. పావంగుళం ఎడం ఉంచండి, మధ్యలోంచి తేమ బయటికి రావాలి. కొవ్వు పసుపుపచ్చగా కనబడినా, తెల్లటి తాడులాంటి స్నాయువు (కండను ఎముకకు కలిపేది) కనబడినా ఆ మాట మర్చిపోండి. కొబ్బరి ఒలిచే గునపం దిగిన పోటైతే అసలే వద్దు. పైకి చిన్న చిల్లే, అడుగు ఎక్కడుందో తెలియదు.

గుచ్చుకున్న వస్తువు లోపలే ఉంటే పీకకండి, చుట్టూ గుడ్డ దన్ను పెట్టి కట్టండి. కట్టు కట్టేముందు ఒక్కో వేలూ విడిగా ముడిచి, చాపి చూడమనండి. వేలి రెండు పక్కలా తాకి స్పర్శ ఉందేమో అడగండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరగాలి. ఈ మూడింటిలో ఏది తేడా ఉన్నా పడవ కోసం ఊళ్లో అందరికీ ఫోన్ చేయాల్సిందే, నరం గానీ స్నాయువు గానీ రక్తనాళం గానీ తెగి ఉండొచ్చు.

దారి లేని రోజుకి పద్ధతి ఇది. రక్తం పూర్తిగా ఆగాక మాత్రమే కడగాలి, ఎగజిమ్మిన గాయాన్ని కదపనే కూడదు. కాలవ నీళ్లు వద్దు. లీటరు నీళ్లు 20 నిమిషాలు మరగనిచ్చి, తలకొట్టి ఒకటిన్నర టీచెంచా ఉప్పు కలిపి, చల్లార్చి, సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో మెల్లగా జిమ్ముతూ మొత్తం పోయాలి. స్పిరిట్, పెరాక్సైడ్, పచ్చి డెట్టాల్ లోపల పోయొద్దు, పచ్చి కండను చంపుతాయి. బీటాడిన్ చుట్టూ చర్మానికే. అదే ఉప్పునీటిలో తడిపి పిండిన గాజు గుడ్డ లోపల వదులుగా పరిచి, పైన పొడి గాజు గుడ్డ, ఆపైన వేళ్ల వైపు నుంచి మొదలుపెట్టి పైకి క్రేప్ కట్టు. వేళ్ల కొసలు బయట ఉండాలి. నీలం తిరిగితే విప్పి వదులుగా కట్టండి. మర్నాడు మార్చండి. ఎర్రచార పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా, కంపు కొడుతున్నా ఇంకో కట్టు మార్చేదాకా ఆగకండి.

మొహం పాలిపోయి చెమటలు పడితే పడుకోబెట్టి దుప్పటి కప్పండి. కొబ్బరి నీళ్లు, సోడా పట్టొద్దు. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

కొబ్బరితోట
వేలు పూర్తిగా ఊడిపోతే ఐసులో పెట్టాలా?

కట్టు మాస్టారు
నేరుగా పెడితే చచ్చిపోతుందండీ. తడిపి పిండిన గాజు గుడ్డలో చుట్టి, కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐసు నీళ్లున్న డబ్బాలో పెట్టండి. మనిషితోపాటే పంపండి, పడవ ఎక్కేటప్పుడు వెనక మర్చిపోయే వస్తువు అదే.