సీరియల్ ఒప్పందం ఉండగా సినిమా అవకాశం వచ్చింది, ఏం చేయాలి?

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా తమ్ముడికి 23 ఏళ్లు. ఏడాదిగా హైదరాబాదులో ఒక డైలీ సీరియల్‌లో కథానాయకుడి తమ్ముడిగా నటిస్తున్నాడు. ఆ వేళకు మా నాయనమ్మ కొబ్బరి ఈనెలు తీయడం ఆపి, కత్తి పక్కన పెట్టి, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటుంది. తెర మీద వాడు ఏడిస్తే ఈవిడ పమిటచెంగు తడిసిపోతుంది.

ఇప్పుడు వాడికి సినిమాలో రెండో ప్రధాన పాత్ర వచ్చింది. 40 రోజుల చిత్రీకరణ, అందులో కొన్ని రోజులు గోదావరి అవతల కోనసీమలోనే. అయితే సీరియల్ ఒప్పందం ఇంకా 14 నెలలుంది. రాతపూర్వక అనుమతి లేకుండా వేరే చిత్రీకరణకు వెళ్లకూడదని నాలుగో పేజీలో రాసి ఉంది. సంతకం చేసేటప్పుడు మేమెవరమూ అంతవరకు చదవలేదు.

షారుఖ్ ఖాన్ నటించిన టీవీ సీరియల్ 'ఫౌజీ' 1989లో వస్తే, తొలి సినిమా 'దీవానా' 1992లో విడుదలైంది. 2022లో 'సీతారామం'తో మనకు దగ్గరైన మృణాల్ ఠాకూర్ కూడా అంతకుముందు హిందీ సీరియళ్లలో నటించిన అమ్మాయే. అందుకే తొందరపడవద్దని నాన్న అంటారు. గాలి వీచినప్పుడే తెరచాప ఎత్తాలని నేనంటాను. వాడు మాత్రం అన్నం సరిగా తినడం లేదు.

సీరియల్ చేస్తూనే సినిమాకు తేదీలు సర్దుబాటు చేయించుకున్నవారు మీలో ఉన్నారా? ముందు దర్శకుడితో మాట్లాడాలా, నేరుగా నిర్మాతకు ఉత్తరం రాయాలా? ఒప్పందం మధ్యలో వదిలేస్తే నష్టపరిహారం ఎంతవరకు అడగగలరు? ఇలాంటి ఒప్పందాలు చూసే న్యాయవాదిని రాజమండ్రి, భీమవరం వైపు వెతకవచ్చా, హైదరాబాదుకే వెళ్లాలా? పది రోజుల్లో జవాబు చెప్పాలి. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.