నెమ్మది మూల శిక్ష మూల అయిపోతోంది, ఎలా సరిచేయాలి?

పలకాబలపం:
మూడు, నాలుగేళ్ళ పిల్లలు 16 మంది, చూసుకునేవాళ్ళం ఇద్దరం. కోపం, ఏడుపు వచ్చినప్పుడు పిల్లలు కుదుటపడడానికని గదిలో ఒకచోట దిండ్లు, మెత్తటి బొమ్మలు, రకరకాల భావాలు చూపే పన్నెండు ముఖాల చార్టు పెట్టి "నెమ్మది మూల" అని పేరు పెట్టాం. రెండు వారాలకే అది శిక్ష మూల అయి కూర్చుంది. కొట్టిన పిల్లాడిని అక్కడికి వెళ్ళమంటే ఇంకా గట్టిగా ఏడుస్తున్నాడు. మిగతావాళ్ళు "వాడు చెడ్డవాడు, మూలకి పంపారు" అంటున్నారు. గొడవలు ఎక్కువగా బ్లాకుల దగ్గర, అదీ సర్దేసే వేళకి వస్తున్నాయి. అరవకుండా, బెదిరించకుండా, స్టిక్కర్ల ఆశ చూపకుండా క్లాసు నడపాలని మా పట్టుదల. కొట్టిన ఆ నిమిషంలో నోటితో ఏమనాలి, చేతులతో ఏం చేయాలి అన్నంత వివరంగా చెప్పండి.

ఆటలగది:
మూలను తీసేయక్కర్లేదు. కానీ కొన్నాళ్ళు అక్కడికి ఎవర్నీ పంపకండి. పెద్దవాళ్ళు కోపంగా పంపిన చోటు ఎన్ని దిండ్లు వేసినా శిక్షే. పిల్లలకి ఆ చోటు హాయిగా ఉన్నప్పుడే పరిచయం కావాలి. పొద్దున అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు ఒక చేతిబొమ్మతో ఆడి చూపించండి. బొమ్మ కట్టిన గోపురం కూలింది, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. తనంతట తానే మూలకి వెళ్ళి దిండు హత్తుకుంది, మూడుసార్లు ఊపిరి వదిలింది, తిరిగొచ్చి ఆటలో కలిసింది. ఈ చివరి ముక్క మాత్రం వదిలేయొద్దు. తిరిగి రావడం చూడకపోతే పిల్లలకి అది వెలివేతలాగే అనిపిస్తుంది. రెండు మూడు నిమిషాల ఆట చాలు. ఆ తర్వాత రోజుకి నలుగురు చొప్పున మూలకి వెళ్ళి ఆడుకోనివ్వండి, నాలుగు రోజుల్లో అందరి వంతూ అయిపోతుంది.

"గట్టిగా ఊపిరి పీల్చు" అంటే ఈ వయసువాళ్ళు భుజాలెత్తి బిగబట్టేస్తారు, ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. పీల్చడం కన్నా నెమ్మదిగా వదలడం నేర్పాలి. బల్లమీద దూదిపింజ పెట్టి, అది ఎగిరిపోకుండా మెల్లగా ఊదుతూ అవతలి అంచుకి చేర్చమంటే వాళ్ళకి వెంటనే పట్టుబడుతుంది.

చార్టులో పన్నెండు ముఖాలు చాలా ఎక్కువ. సంతోషం, బాధ, కోపం, భయం, ఈ నాలుగే ఉంచండి. ఇవి నోటికి వచ్చాక విసుగు, సిగ్గు లాంటివి ఒక్కొక్కటిగా చేర్చొచ్చు. గీసిన ముఖాల కన్నా మీ పిల్లల ఫొటోలే నయం. పక్కనే ఒక అద్దం పెట్టండి. మెరుపుల నీళ్ళ సీసా (కదిపితే లోపలి మెరుపులు నెమ్మదిగా కిందికి దిగేది) పెడితే మూతని జిగురుతో అతికించాలి, లేకపోతే మొదటిరోజే తెరిచేస్తారు. మూలలో కూర్చున్న పిల్లలకి క్లాసంతా కనిపించాలి, టీచర్ కూడా పక్కన కూర్చునేంత చోటుండాలి. చాలామంది టీచర్లు మరిచిపోయేది ఈ రెండోదాన్నే. మూడేళ్ళ పిల్లలు ఒంటరిగా శాంతించలేరు. మన నిదానం చూసే వాళ్ళు నిదానిస్తారు.

మూడేళ్ళబడి:
కొట్టిన నిమిషం సంగతి నేను చెబుతాను. ముందు ఇద్దరి మధ్యకీ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోండి. లేచిన చెయ్యిని లాగకుండా, మీ అరచేతితో అడ్డుకోండి. మాట చాలా చిన్నదిగా ఉండాలి: "కొట్టనివ్వను." వెంటనే దెబ్బ తిన్న పిల్ల వైపు తిరగండి. ముందు కొట్టినవాడికే సమయమంతా ఇస్తే, కొడితే టీచర్ దగ్గరికొస్తుందని వాడు నేర్చుకుంటాడు. రెండో పెద్ద మనిషి ఉన్నారు కనుక ఒకరు ఒకరిని పట్టించుకోవచ్చు.

తర్వాత కొట్టినవాడితో "ఆ పొడుగు బ్లాకు నీకు కావాలి. తను తీసేసుకుంది" అని కంటికి కనిపించినదే చెప్పండి. కొందరు పిల్లలు "నీకు కోపం వచ్చింది" అనగానే ఇంకా రెచ్చిపోతారు. జరిగింది చెబితే మాత్రం ఆగి వింటారు. మనం పొరబడితే వాళ్ళే దిద్దుతారు, అది ఇంకా మంచిది. భావం పేరు తర్వాత చేర్చండి.

"ఎందుకు కొట్టావు?" అని మాత్రం అడక్కండి. తొందరని ఆపే మెదడు భాగం ఇరవైల్లో కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మూడేళ్ళవాడికి ఆ ప్రశ్నకి జవాబు నిజంగానే తెలియదు, భయపడి ఏదో ఒకటి కల్పిస్తాడు. నీతిబోధ కూడా ఏడుపు మధ్యలో చెవికెక్కదు. ఏం చేసి ఉండొచ్చో ఊపిరి కుదుటపడ్డాకే చెప్పి, ఒకసారి చేయించి చూడండి: చెయ్యి చాపి "నీ ఆట అయ్యాక నాకివ్వు" అనడం.

"వాడు చెడ్డవాడు" అన్నవాళ్ళకి అప్పటికప్పుడే జవాబివ్వండి: "చెడ్డవాడు కాదు. ఆగడం ఇంకా నేర్చుకుంటున్నాడు, నేను సాయం చేస్తున్నాను." కోపం రావచ్చు, కొట్టకూడదు. ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిపే చెప్పండి.

పలకాబలపం:
చాలా ఉపయోగపడింది. మరి సారీ చెప్పించాలా? దెబ్బ తిన్న పిల్ల అమ్మానాన్నలు అదే అడుగుతారు.

ఆటలగది:
బలవంతంగా చెప్పించొద్దండి. ఆ మాట అంటే వదిలేస్తారని మాత్రమే పిల్లలు నేర్చుకుంటారు, కొట్టి వెంటనే సారీ అని పారిపోయేవాళ్ళు అలా తయారైనవాళ్ళే. బదులుగా చేతులతో సరిచేయించండి. తడిగుడ్డ తెచ్చివ్వడం, కూలిన గోపురం మళ్ళీ కట్టడంలో సాయపడడం. ముందు దెబ్బ తిన్న పిల్లని "నీకేం కావాలి?" అని అడగండి. కొట్టినవాడు తన దగ్గరికే రావొద్దని ఆ పిల్ల అంటే ఆ మాటకి విలువివ్వాలి. అమ్మానాన్నలకి ఏం జరిగింది, మీరేం చేశారు, రేపు ఏం మారుస్తారు అన్నది చెప్పండి, రెండో పిల్లాడి పేరు చెప్పొద్దు.

మూడేళ్ళబడి:
సర్దేసే వేళ గొడవకి మూలం తరచుగా సగం కట్టిన గోపురమే. దాన్ని పడగొట్టమనడం పిల్లలకి నిజమైన నష్టం. "రేపటికి" అన్న గుర్తు కార్డు పెట్టి, ఒక పలక మీద అలాగే ఉంచనివ్వండి. "ఐదు నిమిషాల్లో ఆట అయిపోతుంది" అంటే వాళ్ళకి నిమిషాలు తెలియవు, ఇసుక గడియారం తిప్పి చూపించండి. "అంతా సర్దండి" అనే బదులు "పొడుగువి నువ్వు, గుండ్రటివి నువ్వు" అని పంచండి. చెప్పాక పది సెకన్లు ఆగండి. వెంటనే మళ్ళీ చెబితే మొదటిమాట వినక్కర్లేదని అలవాటవుతుంది.

బ్లాకుల దగ్గర ఒకసారికి నలుగురే ఉండాలి. నాలుగు కొక్కేలు, నాలుగు పేరు బిళ్ళలు ఉంటే లెక్క వాళ్ళే చూసుకుంటారు. అల్మారాకి రెండడుగుల దూరంలో నేల మీద టేపు అంటించి, కట్టడాలు ఆ గీతకి అవతలే ఉండాలని చెప్పండి. బ్లాకు తీసుకోవడానికి వచ్చేవాళ్ళ కాలు తగిలి కూలిపోవడం దాంతో చాలా తగ్గుతుంది.

వీటితోపాటు పది రోజులు ఒక నోటుపుస్తకం రాయండి: సమయం, చోటు, కొట్టడానికి ముందు నిమిషంలో ఏమైంది, తర్వాత ఏమైంది. ఆ "తర్వాత" గడిని శ్రద్ధగా చూడండి. కొట్టిన ప్రతిసారీ సర్దే పని తప్పిపోతోందంటే, కొట్టడం వాడికి పనికొస్తోందన్నమాట. శాంతించాక తిరిగొచ్చి రెండు బ్లాకులైనా పెట్టించండి. ఇది మొదలుపెట్టిన కొత్తలో గొడవ పెరగొచ్చు, పాత దారి ఇంకా పనిచేస్తుందేమోనని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. అప్పుడు మీరిద్దరూ ఒకే మాట మీద ఉండాలి. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తనని తాను గాయపరచుకోవడం కనిపిస్తే మాత్రం పది రోజులు ఆగకుండా అమ్మానాన్నలతో మాట్లాడి, వినికిడి పరీక్షతో సహా పిల్లల డాక్టరుకి చూపించమని చెప్పండి.